బొమ్మ కన్నా ముందు తేదీ చూడు

చిరంజీవి వెన్నెలకు మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. దసరా వెళ్లాక ప్రతి ఆదివారం నీ గదిలో ఆరుగురు స్నేహితుల్ని కూర్చోబెట్టి సైన్స్ ఫిక్షన్ సినిమాల కాన్సెప్ట్ ఆర్ట్, అంటే సినిమా తీయకముందు అది ఎలా ఉండాలో ఊహించి వేసే బొమ్మలు, చూపిస్తావట. బోనస్ మొత్తం ఆర్ట్ పుస్తకాలకీ ప్రింట్లకీ పోస్తావట. ఎక్కడ ఉద్యోగం మానేస్తావోనని అక్క దిగులు. నాకా దిగులు లేదు. నీ ఆలోచన విని పొంగిపోయాను, ఆ వెంటనే గుబులు పట్టుకుంది. ఎవరో మొన్న ఏఐతో చేసిన బొమ్మని 1970ల నాటి అసలు బొమ్మ అనుకుని, ఫ్రేము కట్టించి, ఆరుగురికీ అదే నిజమని చెబుతావేమోనని. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. విసుక్కోకుండా చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. గదిలో లైటు పూర్తిగా ఆర్పొద్దు. టీవీలో ‘వివిడ్’ మోడ్ తీసెయ్, అది ప్రతి బొమ్మనీ మిఠాయి కొట్టు చేస్తుంది. ఆదివారానికి మూడు బొమ్మలు చాలు, ఒక్కోదానికి 20 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, నువ్వు అసలే మాట్లాడకూడదు. అర్ధరాత్రి దాకా ఫోన్‌లో వేళ్లతో సాగదీసి చూడటం మానుకో తల్లీ, కళ్లజోడు నంబరు పెరిగాక ఎవర్ని అని ఏం లాభం?

ఇక అసలు సంగతి. కాన్సెప్ట్ ఆర్ట్ అనే పేరు కింద నాలుగైదు రకాల కాగితాలు కలగలిసి తిరుగుతుంటాయి. బొటనవేలంత థంబ్‌నెయిల్స్ ఉంటాయి, అవి ఆర్టిస్టు తనకోసం వెతుక్కున్నవి. ప్రొడక్షన్ పెయింటింగ్ ఉంటుంది, సీను తెర మీద ఎలా ఉండొచ్చో దర్శకుడికీ డబ్బు పెట్టేవాళ్లకీ చూపేది. ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి గీసిన డిజైన్ షీట్ మోడల్ తయారుచేసేవాడి కోసం. షాట్లని వరుసగా గీసి చూపే స్టోరీబోర్డు కెమెరా కోసం. మాట్ పెయింటింగ్‌ని మాత్రం వీటిలో కలపొద్దు. అది సినిమాలో కనబడే షాట్‌లోనే ఒక ముక్క. పాత రోజుల్లో గాజు పలక మీద వేసి, నటులు రావాల్సిన చోటు ఖాళీ వదిలేవారు. దగ్గర్నుంచి చూస్తే కుంచె దెబ్బలు మొరటుగా కనబడతాయి, ఎందుకంటే అది నీ కంటికి కాదు, కెమెరా కంటికి వేసింది. ఇవన్నీ అయ్యాక, సినిమా విడుదలైన తర్వాత పోస్టర్లకీ అమ్మకానికీ అదే ఆర్టిస్టు వేసిన బొమ్మలు వేరే ఉంటాయి. పుస్తకంలో అన్నీ పక్కపక్కనే అచ్చవుతాయి, చిక్కంతా అక్కడే.

ఈ చిక్కులోంచి పుట్టిన పాత పొరపాటొకటుంది. బాగా చూడటం వచ్చినవాళ్లు కూడా చేస్తారు. ఎడమవైపు కాన్సెప్ట్ బొమ్మ, కుడివైపు సినిమా ఫ్రేము పెట్టి ‘ఎంత కలిసింది’ అని మార్కులు వేయడం. కలిస్తే ‘అబ్బ, అచ్చు దించేశారు’, కలవకపోతే ‘ఆర్టిస్టు అప్పటికి సరిగ్గా పట్టుకోలేదు’. రెండూ తప్పే. బొమ్మ వేసిన రోజున సినిమా లేదు. ఆ రోజుకి చేతిలో ఉన్నది స్క్రిప్టు ఒక్కటే, అదీ మారుతూ ఉన్నది.

రాల్ఫ్ మెక్వారీ సంగతే చూడు. బోయింగ్‌లో టెక్నికల్ ఇలస్ట్రేటర్‌గా పనిచేసినవాడు, సీబీఎస్ న్యూస్ అపోలో ప్రసారాలకి యానిమేషన్ బొమ్మలు వేసినవాడు. దర్శకుడు జార్జ్ లూకాస్ అతని చేత ‘స్టార్ వార్స్’ పెయింటింగ్స్ వేయించింది 1975లో. సినిమా వచ్చింది 1977లో. ఆ తొలి పెయింటింగ్స్‌లో స్టార్మ్‌ట్రూపర్ (విలన్ల సైనికుడు) చేతిలో లైట్‌సేబర్ (వెలుగు కత్తి) ఉంటుంది. ‘అయ్యో, జెడై యోధులకి ఉండాల్సింది వీడికిచ్చాడేంటి’ అని నవ్వేవాళ్లని నేను ఆపలేను గానీ నువ్వు ఆపు. ఆనాటి స్క్రిప్టులో లైట్‌సేబర్ ఎవరైనా పట్టుకునే మామూలు ఆయుధం. మెక్వారీ ఉన్నది ఉన్నట్టే వేశాడు.

అదే సినిమాలో విలన్ డార్త్ వేడర్ ముసుగు ఇంకా మంచి ఉదాహరణ. అప్పటి కథలో వేడర్ ఒక ఓడలోంచి ఇంకో ఓడలోకి శూన్యం గుండా దాటాలి. మరి ఊపిరి ఎలా తీసుకుంటాడు? ఆ ప్రశ్న వేసింది మెక్వారీ, జవాబుగా మాస్కు పెట్టిందీ అతనే. కత్తియుద్ధం పెయింటింగ్‌లో ఎదురుగా ఉన్న హీరోకి కూడా శ్వాస మాస్కు ఉంటుంది, గమనించు. హీరో ముఖానిది పోయింది, వేడర్‌ది శాశ్వతంగా ఉండిపోయింది, తర్వాత కథే దానికి తగ్గట్టు మారింది. ఒక సీను ఇబ్బంది తీర్చడానికి వేసిన గీత ఒక పాత్రనే తయారుచేసింది. సినిమా ఫ్రేము పక్కన పెట్టి చూస్తే ‘హెల్మెట్ కొంచెం తేడాగా ఉంది’ అనడం తప్ప ఇందులో నీకేం కనబడుతుంది?

కలవకపోవడానికి బొమ్మతో సంబంధం లేని కారణాలు కూడా ఉంటాయి. ‘స్టార్ వార్స్’లో హీరోలు తిరిగే మిలీనియం ఫాల్కన్ మొదట పొడుగాటి ఓడ. మోడల్ కూడా తయారైంది. ఈలోగా ‘స్పేస్: 1999’ అనే టీవీ సిరీస్ వచ్చింది, అందులోని ఈగిల్ ఓడకీ దీనికీ పోలిక కనబడింది. అంతే, ఫాల్కన్‌ని గుండ్రంగా మళ్లీ డిజైన్ చేశారు. పాత మోడల్‌ని పారేయలేదు; ముందున్న కాక్‌పిట్ తీసేసి సుత్తి తలలాంటి ముక్కు తగిలించారు. సినిమా మొదట్లోనే తరుముతున్న పెద్ద ఓడకి అందకుండా పారిపోయే తిరుగుబాటుదారుల ఓడ అదే. కనుక పొడుగాటి ఫాల్కన్ బొమ్మ దొరికితే ‘తిరస్కరించిన డిజైన్’ అని రాసుకోకు. వేరే పేరుతో, వేరే పనికి, మొదటి షాట్‌లోనే అది తెరకెక్కింది.

ఇంకా వెనక్కి వెళితే చెస్లీ బోన్‌స్టెల్. భవనాల బొమ్మలు వేసి చెయ్యి తిరిగినవాడు, తర్వాత హాలీవుడ్‌లో మాట్ పెయింటర్. 1950లో వచ్చిన ‘డెస్టినేషన్ మూన్’కి చంద్రుడి దృశ్యాలు వేశాడు. వాటిలో కొండలు నిటారుగా, కత్తి అంచుల్లా ఉంటాయి. 1969 తర్వాత అపోలో ఫోటోల్లో కొండలన్నీ మెత్తగా, గుండ్రంగా కనబడ్డాయి. అంతమాత్రాన బోన్‌స్టెల్‌ని తీసిపారేస్తామా? గాలీ నీరూ లేని చోట కొండలు అరగవని ఆనాటి లెక్క, ఆ లెక్క ప్రకారమే వేశాడు. అదే సినిమా సెట్‌లో నేలంతా ఎండిన చెరువులా పగుళ్లుంటాయి. అవి ఆయన ఆలోచన కాదు. చిన్న సెట్‌లో దూరం చూపించాలని ఆర్ట్ డైరెక్టర్ పెట్టించినవి, దూరం పోయేకొద్దీ పగుళ్లు చిన్నవవుతూ కంటిని మోసం చేస్తాయి. పగిలితే అది బురద అయివుండాలి, చంద్రుడి మీద బురదేంటని బోన్‌స్టెల్ గొడవపెట్టాడు. చూడు, ఒకే ఫ్రేములో ఒకటి ఆనాటి జ్ఞానం వల్ల వచ్చిన తేడా, ఇంకోటి స్టూడియో గది పొడవు చాలక వచ్చిన తేడా. రెండింటినీ ‘తప్పు’ అని ఒకే గంపలో వేస్తే చూసిందేముంది?

అందుకని నోటు పుస్తకంలో ప్రతి బొమ్మకీ ఒక పేజీ పెట్టు. పైన ఈ వరుసలో రాయి: ఎవరు వేశారు, ఏ ఏడు (నెల దొరికితే నెల), సినిమా విడుదలకి ముందా తర్వాతా, పైన చెప్పిన రకాల్లో ఏది, దేనితో వేశారు, ఏ ప్రశ్నకి జవాబుగా వేశారు, సినిమాలోకి ఏది వెళ్లింది. పుస్తకంలో బొమ్మ కింద తేదీ లేకపోతే ఆ గడి ఖాళీగా ఉంచు, ఊహించి నింపకు. ఏడు గళ్లలో నాలుగు ఖాళీగా ఉన్న బొమ్మని ఆదివారం చూపించొద్దు. నీ చిన్నప్పటి రాకెట్లు గుర్తున్నాయా? ప్రతిదానికీ నిచ్చెన గీసేదానివి, ‘లేకపోతే లోపలికి ఎలా వెళ్తారు మావయ్యా’ అని. ఆ నిచ్చెన బుద్ధే ఇక్కడ కావాల్సింది. ఇంజనీరింగ్ చదివి దాన్ని పోగొట్టుకుని ఉండవనే నా నమ్మకం.

తేదీ తేలాక కంటికి పని. మొదట బొమ్మని ఫోన్‌లో నలుపు తెలుపు చేసి తపాలా బిళ్ల అంత చిన్నది చెయ్యి. అప్పటికీ ఏది ముందు, ఏది వెనక, ఏది ముఖ్యం అని తెలియాలి. ఆ సైజులో మంచి బొమ్మ మూడు నాలుగు ముద్దలుగా విడిపోతుంది: చీకటి, నడిమి, వెలుగు. దూరపు షాట్ తెర మీద ఉండేది రెండు మూడు సెకన్లు, అందుకే ఈ జాగ్రత్త. వివరాలన్నీ బ్రహ్మాండంగా ఉండి, చిన్నది చేయగానే బూడిదరంగు ముద్ద అయ్యే బొమ్మలు చాలా ఉంటాయి. వాటిని మెచ్చుకోవడానికి తొందరపడకు.

రెండోది కొలత. ఇది నేర్పితే నీ స్నేహితులు వదిలిపెట్టరు. స్కేలు తీసుకుని హొరైజన్ లైన్ (నేలా ఆకాశమూ కలిసే గీత) ఎక్కడుందో పట్టుకో. సమతలంగా ఉన్న నేల మీద నిలబడ్డ మనిషి కళ్ల దగ్గర ఆ గీత కోస్తోందనుకో, అంటే కెమెరా సుమారు ఐదడుగుల ఎత్తున ఉంది. ఇప్పుడు దూరంగా అదే నేల మీద ఉన్న గోపురం అడుగు నుంచి హొరైజన్ దాకా కొలువు. 4 మిల్లీమీటర్లు వచ్చింది. అడుగు నుంచి కొన దాకా 60. అంటే 15 రెట్లు, గోపురం ఎత్తు 75 అడుగులు. గీత మనిషి నడుము దగ్గర కోస్తే ఐదు బదులు మూడు పెట్టు. రెండూ ఒకే మట్టం మీద ఉన్నప్పుడే ఈ లెక్క పనిచేస్తుంది. గాల్లో తేలే ఓడకి పనికిరాదు. దాని నీడని అడుగు అనుకుని కొలుస్తారు కొందరు, సూర్యుడు నడినెత్తిన లేకపోతే ఆ నీడ పక్కకి పడుతుంది కదా. ఈ లెక్క వేశాక ‘ఎంత పెద్దదో’ అన్న మాట పోయి ‘మనిషి పక్కన 75 అడుగులు అనిపించేలా ఎలా వేశాడు’ అన్న మాట వస్తుంది.

రంగు గురించి మాత్రం ఒక్క పుస్తకం చూసి ఏమీ అనకు. మెక్వారీ, సిడ్ మీడ్ లాంటివాళ్లు ఎక్కువగా వాడింది గ్వాష్, నీళ్లతో కలిపి వేసే చిక్కటి రంగు. ఆరేటప్పుడు లేత రంగులు కాస్త ముదురుతాయి, ముదురువి కాస్త లేతబడతాయి; వేసేవాడు అది ముందే లెక్కేసుకోవాలి. తొందరగా ఆరుతుంది కనుక ఆకాశంలో ఒక రంగు ఇంకో రంగులోకి జారేలా చేయడం గట్టి పని. అలాంటి ఆకాశం కనబడినప్పుడు కాసేపు ఆగు. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో ఆ జారుడు తేలిగ్గానే వస్తుంది, అక్కడ మెచ్చుకోవాల్సింది అంచులు ఎక్కడ గట్టిగా ఉంచాడన్నది.

సిడ్ మీడ్ ఫోర్డ్ స్టైలింగ్ స్టూడియోలో కార్లు గీసి వచ్చినవాడు. 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’కి ముందు పిలిచింది వాహనాల కోసమే. అతను కారుని ఖాళీ కాగితం మీద వదలకుండా వానలో తడిసిన వీధిలో పెట్టి వేశాడు. దర్శకుడు రిడ్లీ స్కాట్‌కి ఆ వీధి నచ్చి పని పెరిగింది. టైటిల్స్‌లో మీడ్‌కి ‘విజువల్ ఫ్యూచరిస్ట్’ అని వేశారు. ఆ వీధి ఆలోచన ఏంటంటే, పాత మేడని ఎవరూ కూల్చరు, దాని మీదే గొట్టాలు, తీగలు, కొత్త యంత్రాలు తగిలిస్తూ పోతారు. సెట్ వేసిందీ బర్బాంక్‌లో వార్నర్ స్టూడియో పాత న్యూయార్క్ వీధి మీదే. ఉన్న గోడల మీద తగిలించుకుంటూ పోయే డిజైన్ ఉన్న గోడల మీదే కట్టడానికి వీలైంది. ఊహకీ ఖర్చుకీ ఇంత చక్కగా కుదిరిన సందర్భం అరుదు. నువ్వొక పని చెయ్యి. కోఠీలో ఏదైనా పాత మేడ ముందు పావుగంట నిలబడు. మొదట కట్టినదాన్ని నీలం పెన్సిల్‌తో, తర్వాత తగిలించిన ఏసీలు, బోర్డులు, వైర్లు, రేకులు ఎర్ర పెన్సిల్‌తో గీయి. ఇంటికొచ్చి మీడ్ వీధి మీద ట్రేసింగ్ పేపర్ పరిచి అదే చెయ్యి. ఎర్ర గీతలు తీసేసినా కింద ఒక మామూలు మేడ మిగలాలి. ఎవరి బొమ్మలోనైనా అలా మిగలకపోతే ఆ గొట్టాలు అలంకారానికి పెట్టినవే. (ట్రాఫిక్ చూసుకో. ఫుట్‌పాత్ దిగొద్దు.)

1979 నాటి ‘ఏలియన్’కి ఒక ఆదివారం మొత్తం ఇవ్వు. మనుషుల ఓడ లోపలి భాగాలు రాన్ కాబ్ చేతికి, గ్రహాంతర జీవీ దాని లోకం హెచ్. ఆర్. గీగర్ చేతికి, స్పేస్ సూట్లు మోబియస్ చేతికి. కావాలనే పంచారు, ఒక లోకం చెయ్యి ఇంకో లోకంలో కనబడకూడదని. కాబ్ బొమ్మలో తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలుస్తుంది. గాలిలేని గది, కృత్రిమ గురుత్వం లాంటి హెచ్చరికలకి విడివిడిగా గుర్తులు కూడా గీశాడు. గీగర్ 1976లోనే వేసుకున్న ‘నెక్రోనోమ్ 4’ లోంచి వచ్చిన జీవికి కళ్లు ఎక్కడున్నాయో కూడా తెలియదు. ఇద్దరి కారిడార్లూ పక్కపక్కన పెట్టి అడుగు: సరళరేఖలు ఎక్కడున్నాయి? అక్షరాలు ఎక్కడున్నాయి? మరమ్మతు చేయాలంటే ఏది విప్పాలో దేనిలో తెలుస్తుంది? భయం ఎందుకు వేస్తోందో వాళ్లే చెబుతారు.

మన ‘కల్కి’ సినిమాలోని కారు బుజ్జితో మొదలుపెట్టాలని నీకుందని తెలుసు. పెట్టు, వద్దనను. అది బొమ్మ దగ్గరే ఆగకుండా కోయంబత్తూరులో జయం ఆటోమోటివ్స్ వాళ్ల చేతుల్లో, మహీంద్రా ఇంజనీర్ల సాయంతో, నడిచే బండిగా తయారైంది. ముందు రెండు చక్రాలు, వెనక గోళంలాంటి ఒకే పెద్ద చక్రం. ఆ వెనక చక్రాన్ని చూపించి మోటారు ఎక్కడ, బరువు ఎక్కడ, డ్రైవరుకి ఏం కనబడుతుంది అని నీలాంటి ఇంజనీరు అడగకపోతే ఎవరడుగుతారు?

ఇక నా భయం. నకిలీ బొమ్మని పట్టుకోవడానికి, ఏఐ ఆరో వేలు వేసిందేమోనని వేళ్లు లెక్కపెట్టే రోజులు పోయాయి. నమ్మదగిన పరీక్ష ఒకటే: దానికి తోబుట్టువులు ఉన్నాయా? అసలు కాన్సెప్ట్ బొమ్మ ఒంటరిగా పుట్టదు. దాని వెనక థంబ్‌నెయిల్స్, పక్కన రెండు మూడు వేరే ప్రయత్నాలు, ముందు డిజైన్ షీటో మోడల్ ఫోటోనో ఉంటాయి. పేరు లేదు, ఏడు లేదు, ఒక్క చిత్తు గీత కూడా లేదు, మెరిసిపోతూ పన్నెండు ఫ్రేములున్నాయి అంటే దూరంగా ఉండు. తర్వాత మెట్లు ఎక్కడికి పోతున్నాయో, గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో వేలితో అనుసరించు. మధ్యలో గోడలో కలిసిపోతే అనుమానించు. అలాగని ఫోటో ముక్కలు అతికి చేసిన డిజిటల్ బొమ్మల్ని నకిలీ అనకు. ఫోటోబాషింగ్ ఇప్పటి స్టూడియోల్లో రోజూ జరిగే పని. అక్కడ చూడాల్సింది ముక్కలన్నిటి మీదా వెలుగు ఒకే వైపు నుంచి పడుతోందా అని.

డబ్బు సంగతి. బోనస్ మొత్తం కాదు, మూడో వంతు. ముందు రెండే పుస్తకాలు కొను, బొమ్మ కింద ఏడూ పేరూ అచ్చువేసినవే. వెడల్పాటి పెయింటింగ్‌ని రెండు పేజీల మీద పరిస్తే నడిమి మడతలో అసలు ఓడే మాయమవుతుంది, లోపలి పేజీల ఫోటోలు చూశాకే ఆర్డరు పెట్టు. నెట్ బొమ్మని ప్రింటు తీయించేముందు పిక్సెల్స్ చూసుకో. 12 × 18 అంగుళాలకి, అంగుళానికి 300 చొప్పున, 3600 × 5400 కావాలి. నీకు దొరికే 1200 పిక్సెల్స్ బొమ్మ నాలుగు అంగుళాల వెడల్పుకే చాలుతుంది, సాగదీస్తే కుంచె గీతలన్నీ పోయి మైనం పూసినట్టు వస్తుంది. ఇంట్లో చూసుకోవడానికి సరే, ప్రింట్లు తీసి అమ్మడం మాత్రం కుదరదు, అవి ఎవరో ఒకరి హక్కులు.

మొదటి ఆదివారానికి మెక్వారీ వేసిన రెండు రోబోల ఎడారి బొమ్మ పెట్టు. అందులో మనిషి ఆకారంలో ఉన్న రోబో త్రీపీఓ 1927 నాటి ‘మెట్రోపోలిస్’ రోబోకి ఎంత దగ్గరో, సినిమాలోకి వచ్చేసరికి ఎంత దూరం జరిగిందో వాళ్లనే చెప్పనివ్వు. హొరైజన్ ఎక్కడుందో కొలిపించు. టీలు గట్రా బొమ్మలకి దూరంగా.

పుస్తకాల్ని నిలబెట్టకుండా పడుకోబెట్టు, బరువైనవి నిలబడితే బైండింగ్ వదులవుతుంది. వానాకాలం అలమారాలో సిలికా జెల్ పొట్లాలు పడెయ్, నెలకోసారి మార్చు. ఫ్రేముల మీద మధ్యాహ్నపు ఎండ పడకుండా చూసుకో. ప్రింట్లకి లామినేషన్ చేయించకు: లైటు మెరిసి సగం బొమ్మ కనబడదు, ఒకసారి అంటిస్తే ఊడదు. మీ వీధి చివర జిరాక్స్ షాపులో పది రూపాయలకి చేస్తారని నువ్వు అంటావని నాకు తెలుసు. వద్దన్నానుగా.

నోటు పుస్తకంలో మొదటి నాలుగు పేజీలు ఫోటో తీసి పంపు, ఖాళీ గళ్లతో సహా.

మీ మావయ్య